శిశువుల నడకయు దేశాచారములును



మన తెనుగునాట శిశువు ఎదుగుదలను పిండివంటలతో లెక్కించు ఆచారము చిరకాలముగ నున్నది. బిడ్డ బోర్లపడిన దినమున బొబ్బట్లు, గడప దాటిన దినమున గారెలు, అడుగులు వేసిన దినమున అరిసెలు, పలుకులు వచ్చిన దినమున పంచదార చిలుకలు ఇరుగుపొరుగు వారికి పంచిపెట్టుదురు. సీమనుబట్టి వంటలు కొంత మాఱవచ్చును. ఈ వేడుకలలో అక్షరముల పొందిక యొక్కటియే గాదు, మఱియొక విశేషము కూడ కలదు. ఏ పనికి ఏ వంటయో మన ముత్తవ్వలు నిర్ణయించిరి గాని, ఆ పని ఏ నెలలో జరుగవలయునో నిర్ణయింపలేదు. అరిసెలు 10వ నెలలో వండినను 16వ నెలలో వండినను తీపి యొక్కటియే.

ఇప్పుడు మన యిండ్లలో నెలల లెక్క హెచ్చినది. దానితోపాటు పోలికలును హెచ్చినవి. ఎదురింటి బిడ్డ 10 నెలలకే నడచినాడు, మన బిడ్డ 14 నెలలు నిండినను గోడ పట్టుకొనియే తిరుగుచున్నాడని యింటిలో మాట పుట్టును. ఆ మాట తిరిగి తిరిగి తుదకు కోడలిపై బడును. ఆమె పాలు చాలవనియో, ఆమె పుట్టినింటివారే మందమతులనియో యందురు. ఇదొక యన్యాయము. దీనికి సరిగా ఎదురైన యన్యాయము మఱియొకటి కలదు. రెండేండ్లు వచ్చుచున్నను బిడ్డ నిలువలేకున్నప్పుడు, "మా వంశమున అందఱును ఆలస్యముగనే నడచినారు, వీని తాత మూడేండ్లకు నడచెను" అని పెద్దలు నిశ్చింతగ కూర్చుందురు. చికిత్సకు అనుకూలమైన కాలము ఆ నిశ్చింతలోనే గడచిపోవును. మొదటి యింట తల్లి కన్నీరు పెట్టును. రెండవ యింట బిడ్డ జన్మమంతయు నష్టపోవును. రెండింటికిని మూలమొక్కటియే. శిశువు ఎదుగుదలలో ప్రకృతి పాలెంత, పెంచు చేతుల పాలెంత యన్న సంగతి మనకు తెలియకపోవుటయే యది. వివిధ దేశముల విద్వాంసులు దీనిని నూఱేండ్లుగ పరిశీలించుచున్నారు. వారు కనుగొనిన దానిలో మన గ్రామముల కుపయోగించు భాగమును విన్నవించెదను.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున ఆర్నాల్డ్ గెసెల్ అను వైద్యుడుండెను. ఆయన 1911లో అచ్చట శిశు పరిశీలనాలయమును స్థాపించి, తరువాతి మూడు దశాబ్దములలో పసిబిడ్డల చేష్టలను ఓపికతో గమనించి, చలనచిత్రములు కూడ తీయించి, ఏ వయసున శిశువు ఏమి చేయునో పట్టికలు వ్రాసెను. విత్తనములో చెట్టు అణగియున్నట్లు, నడకయు పలుకును శిశువులో అణగియుండి తమ కాలమున తామే పండునని ఆయన మతము. ఆయన పరిశ్రమ గొప్పది. ఆ పట్టికల సంతతియే నేటికిని వైద్యుల చేతులలో నున్నది. కాని ఆయన గమనించిన బిడ్డలు ముఖ్యముగా ఒక్క న్యూహేవెన్ పట్టణపు బిడ్డలు. అట్టి యిండ్లలో పెరిగిన బిడ్డల లెక్క క్రమముగ లోకమందలి బిడ్డలకెల్ల కొలతయయ్యెను. ఒక యూరి కుంచముతో దేశదేశముల ధాన్యమును కొలిచి, తక్కువ వచ్చిన చోట రైతును దొంగ యన్నట్లయినది.

ఆ కొలతకు మొదటి యెదురుదెబ్బ ఆఫ్రికాఖండము నుండి వచ్చెను. మార్సెల్ గెబెర్ అను ఫ్రెంచి విదుషి ఉగాండా దేశపు కంపాలా నగరమున శిశువులను పరీక్షించి, 1956, 1957 సంవత్సరములలో తన ఫలితములను ప్రకటించెను. గెసెల్ పట్టికతో పోల్చిచూడగా ఆ శిశువులు మొదటి యేట ఐరోపా శిశువులకంటె ముందుండిరి. ముందుగా తల నిలిపిరి, ముందుగా కూర్చుండిరి, ముందుగా నడచిరి. దీనికి కారణము జాతియే యని కొందఱనిరి. మఱికొందఱు ఇంకొక యడుగు ముందుకు వేసి, దేహము త్వరగా పండువారికి బుద్ధి తరువాత మందగించునని కూడ వ్రాసిరి. ఆ రెండవ మాటకు ఆధారమేమియు లేదు. వెనుకబడిన వానిని హీనుడనుట యెఱుగుదుము. ముందుబడిన వానిని సయితము హీనుడనుటకు ఎంత పాండిత్యము కావలెనో చూడుడు! అప్పుడే పుట్టిన శిశువులలోనే ఈ భేదము కలదన్న మాట కూడ తరువాతి పరిశీలనలలో అంత గట్టిగ నిలువలేదు.

అసలు కారణమును దగ్గఱనుండి చూచిన వాడు చార్లెస్ సూపర్ అను అమెరికా పండితుడు. ఆయన 1970లలో తన భార్య సారా హార్క్‌నెస్‌తో గూడ కెన్యా పడమటి ఎత్తుభూములందలి కొక్వెట్ అను గ్రామమున నివసించెను. అచ్చటివారు కిప్సిగిస్ అను తెగవారు. సేద్యము, పశుపోషణ వారి వృత్తులు. ఆ గ్రామపు శిశువులు అమెరికా శిశువులకంటె సుమారు ఒక నెల ముందుగా కూర్చుండిరి, నడచిరి. అంతటితో ఆగినచో పాత కథయే యగును. సూపర్ మఱియొక సంగతిని కూడ చూచెను. పారాడుటలో వారికి అట్టి యాధిక్యము లేదు. ప్రకృతియే వారిని తొందరపెట్టినచో అన్ని పనులలోను తొందరపెట్టవలెను గదా! కొన్నింటిలో ముందు, కొన్నింటిలో సమానము ఏల యయ్యెను?

తల్లులను విచారింపగా సమాధానము దొరకెను. కూర్చుండుటయు నడచుటయు నేర్పనిదే రావని వారి నమ్మకము. ఆ నేర్పుటకు వారి భాషలో వేఱు మాటలే కలవు. నేలపై చిన్న గుంత తీసి, చుట్టును బట్టలు చుట్టి ఒదిగించి, శిశువును నడుము నిలుచునట్లు అందులో కూర్చుండబెట్టుదురు. చంకలు పట్టి నిలువబెట్టి అడుగులు వేయింతురు. మెలకువగా నున్న కాలములో పెద్దభాగము బిడ్డ ఎవరియొడిలోనో కూర్చుండియే యుండును. పారాడుట నేర్పవలసిన విద్యగా వారు తలంపలేదు. కావున దానిలో ముందంజయు లేదు. పల్లె విడచి నగరమున ఐరోపావారి పద్ధతిని బిడ్డలను పెంచిన కుటుంబములలో ఈ విశేషము తగ్గిపోవుట కూడ ఆయన గమనించెను. రక్తము అదియే, చేతులు మాఱినవి.

ఈ మాట విన్నప్పుడు మన పెద్దలకు తమ యిల్లు జ్ఞప్తికి రాక మానదు. మన నాయనమ్మలు కాళ్లు చాపి పీటపై కూర్చుండి, శిశువును కాళ్లమీద పరుండబెట్టి, నూనె రాచి, కాళ్లు చేతులు సాగదీసి, వేడినీళ్లు పోయుదురు. చుట్టును దిండ్లు పెట్టి కూర్చుండబెట్టుదురు. చేతుల నందుకొని తప్పటడుగులు వేయించి, మూడు చక్రముల కొయ్యబండి నిచ్చి వీధియంతయు త్రిప్పుదురు. శాస్త్రములోను ఈ జాడ కలదు. 4వ మాసమున నిష్క్రమణము, 6వ మాసమున అన్నప్రాశనము మనుస్మృతి చెప్పినవి. బిడ్డను భూమిపై కూర్చుండబెట్టు భూమ్యుపవేశనము 5వ మాసమున చేయు సంప్రదాయము కలదు. ఆ మాసమున శిశువు తనంత కూర్చుండునని దాని భావము కాదు. పెద్దలు కూర్చుండబెట్ట నారంభింపవలెనని భావము. కిప్సిగిస్ తల్లి గుంత తీయుచున్న వయస్సును ఇంచుమించుగ నదియే.

ఆచారమంతయు మంచిదే యని నా మతము కాదు. స్నానము వేళ శిశువు ముక్కులోను చెవులలోను నూనె పోయుట యింకను కొన్ని యిండ్లలో కలదు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తులలోనికి దిగి రోగమును తెచ్చును. మర్దనము ఉండవచ్చును, నూనె ముక్కులోనికి మాత్రము పోరాదు. అట్లే, ఈ కాలమున అంగళ్లలో అమ్ముచున్న చక్రముల కుర్చీలు, అనగా బిడ్డను నడుమ కూర్చుండబెట్టి వదలు "వాకర్లు", మన కొయ్యబండికి సోదరులు కారు. కొయ్యబండిని బిడ్డ తానే నిలిచి త్రోయును. వాకరులో బిడ్డ బరువును కుర్చీయే మోయును. దానివలన నడక త్వరగా రాకపోగా ఆలస్యమగునని పరిశీలకులు చూపిరి. మెట్లపైనుండి పడి గాయపడిన శిశువు లనేకులు. కెనడా దేశము 2004లో వాని విక్రయమునే నిషేధించెను.

ఇక రెండవవైపు చూతము. త్వరపెట్టు దేశములున్నట్లే ఆపి యుంచు దేశములును కలవు. దక్షిణ అమెరికాలోని పరాగ్వే అడవులలో అచే యను జనులు వేట, తేనె, అడవికాయలతో జీవించుచు తిరుగుచుండిరి. ఆ యడవినేలపై పాములు, విషకీటకములు మెండు. కావున తల్లులు బిడ్డలను నేలపై దింపక ఇంచుమించు ఎల్లప్పుడు ఒడిలోనో వీపునో ఉంచుకొనెడివారు. ఆ బిడ్డలు రెండేండ్లు సమీపించినప్పుడు గాని నడువలేదని 1987లో ప్రకటితమైన పరిశీలన తెలుపుచున్నది. న్యూహేవెన్ పట్టికతో చూచినచో వారందఱును మందులే. కాని ఎనిమిది పదేండ్లు వచ్చునప్పటికి ఆ బిడ్డలే పెద్ద చెట్లెక్కి, అడవిలో దారి తప్పక తిరుగుచుండిరి. నాగరికుని బిడ్డ అట్లు తిరుగగలడా?

ఉత్తర అమెరికాలోని అరిజోనా ప్రాంతమున హోపీ యను ఆదివాసులున్నారు. వారు శిశువును పుట్టిన మొదటి దినముల నుండి ఒక పలకపై చేతులతో గూడ బట్టలలో చుట్టి కట్టి యుంచెడివారు. మొదటి మూడు నెలలు దినములో అధికభాగము అట్లే గడచును. తరువాత క్రమముగ విడుతురు. వేన్ డెన్నిస్ అను పండితుడు తన భార్యతో గలిసి ఆ బిడ్డలను, ఆ యాచారమును మానుకొనిన గ్రామముల హోపీ బిడ్డలను పోల్చి 1940లో ఫలితమును ప్రకటించెను. ఇరువురి నడక కాలమును ఇంచుమించు సమానమే. అనగా తొలినెలల కట్టడి, తరువాత విడుదల దొరకినచో, నడకను చెఱుపలేదు. గెసెల్ చెప్పిన లోపలి పరిపాకము బొత్తిగా లేదనుటకు వీలులేదు.

దీనికి సమీపమైన సంగతి మన కాలముననే జరిగినది. నిద్రలో శిశువులు హఠాత్తుగ మరణించుటను తగ్గించుటకై అమెరికా శిశువైద్యులు 1992లో బిడ్డలను బోర్ల పరుండబెట్టవలదని చెప్పిరి. 1994లో దానిని దేశమంతట ప్రచారము చేసిరి. ఆ మరణములు మిక్కిలి తగ్గినవి. దానితోపాటు అచ్చటి బిడ్డలు దొర్లుట, పారాడుట కొంత ఆలస్యమయ్యెను. నడక మాత్రము ఆలస్యము కాలేదు. నిద్రలో వెల్లకిల, మెలకువలో పెద్దల కన్నులయెదుట కొంతసేపు బోర్ల అన్నది నేటి వైద్యుల మాట. మన యిండ్లలో వెల్లకిల నిద్రబుచ్చుట పాతదే. కావున మనకిది కష్టము గాదు.

ఇన్ని విధములుగ పెంచినను బిడ్డలు నడచుచున్నారు గదా, ఇక ఎట్లు పెంచిననేమి యని కొందఱకు తోచవచ్చును. దానికి సమాధానము మఱల వేన్ డెన్నిసే తెచ్చెను. ఆయన పారసీకదేశపు రాజధానియైన టెహరాను నగరమున అనాథశిశువుల ఆశ్రమములను చూచి 1960లో వ్రాసినది చదివినప్పుడు నా మనస్సు కలగిపోయినది. ఒక యాశ్రమమున శిశువులు దినమంతయు తొట్లలో వెల్లకిల పడియుండిరి. ఎవరును ఒడిలోనికి తీసికొనరు, కూర్చుండబెట్టరు, మాటాడరు. పాలసీసాను సయితము దిండునకు ఆనించి పెట్టుదురు. ఒకటి రెండేండ్ల నడుమ వయస్సు గలవారిలో సగమునకంటె తక్కువమంది కూర్చుండగలిగిరి, ఒక్కడును నడువలేదు. నాలుగవ యేట గూడ అధికసంఖ్యాకులు నడువలేకుండిరి. అదే నగరమున వేఱొక యాశ్రమములో దాసీలు శిశువులను ఒడిలో నుంచుకొని పాలిచ్చి, ఆనించి కూర్చుండబెట్టుచుండిరి. అచ్చటి బిడ్డలు ఎంతో మెఱుగుగ నుండిరి.

హోపీ శిశువు పలకకు కట్టబడి యుండెను, టెహరాను శిశువు కట్టులేక తొట్టిలో నుండెను. నడక వచ్చినది కట్టబడిన వానికి! ఏలయనగా ఆ పలకను తల్లి ఎత్తుకొనెడిది, పాలిచ్చెడిది, విడిచి ఆడించెడిది. అచే తల్లి బిడ్డను నేలపై దింపకున్నను తన దేహమునుండి దింపలేదు. ఆచారముల భేదము ఒకటి, అనాదరము మఱియొకటి. ఈ రెండింటిని మనము కలిపివేయరాదు.

దేహమును గూర్చి చెప్పినది బుద్ధికిని చాలవఱకు చెల్లును. పాపువా న్యూగినీ దేశమున కలూలి యను జనులు శిశువుతో ముఖాముఖి మాటాడరు. మాట తెలియని వానితో మాటాడుట యేమని వారి తలంపు. తల్లి శిశువును ఎదుటివారివైపు త్రిప్పి పట్టుకొని, వాని బదులు తానే సన్నని గొంతుతో పలుకును. 1970లలో బాంబీ షీఫెలిన్ అను విదుషి వారి నడుమ నుండి దీనిని గమనించెను. ఆ బిడ్డలకును మాటలు చక్కగ వచ్చును. వారు మాటల నడుమ పెరుగుచున్నారు. తమవైపు తిరిగిన మాటలు తక్కువైనను చెవిని బడు మాటలకు కొదవలేదు. మన యిండ్లలో అత్త, తాత, కాకి, చందమామ అని చూపి పలికించుట, చప్పట్లు కొట్టించుట, తారంగమాడించుట మఱియొక మార్గము. ఏ మార్గమునను మాట రాకపోవునది నిశ్శబ్దపు టింటిలోనే. ఈ నడుమ నిశ్శబ్దము క్రొత్తరూపమున వచ్చుచున్నది: బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి పెద్దలు తమ పని చూచుకొనుట. అందులోని బొమ్మ పలుకును గాని, బిడ్డ పలికినదానికి బదులు చెప్పదు.

పరీక్షలలో కూడ మెలకువ కావలెను. ఇంతకుముందు చెప్పిన కొక్వెట్ గ్రామమున పసివారికి చిన్నకథ చెప్పి మఱల చెప్పుమనగా పెక్కుమంది నోరు విప్పలేదు. మందబుద్ధులనవలెనా? ఆ గ్రామమున పిల్లలు పెద్దల మాట వినవలెనుగాని పెద్దలకు కథలు చెప్పరాదు. ఇంటిపనిని చెప్పకమునుపే గ్రహించి చేయు బిడ్డయే అచ్చట తెలివిగలవాడు. మన పల్లెలలో అపరిచితుడైన వైద్యునియెదుట తల్లి కొంగు వెనుక దాగిన బిడ్డయు నిట్టివాడే. ఇంటిలో వాడేమి చేయుచున్నాడో నాయనమ్మ చెప్పవలెను, వైద్యుడు వినవలెను.

నలువదేండ్లు బడిలో బోధించితిని. తొలిదినమున బాలుని తీసికొనివచ్చిన తల్లిదండ్రులు వీడు 9వ నెలలోనే నడచినాడని చెప్పుట కద్దు. ఎవరు ఎన్నవ నెలలో నడచిరో వారి పద్యములనుబట్టి గాని లెక్కలనుబట్టి గాని నాకు ఎన్నడును తెలిసినది కాదు.

ఐనచో ఎంతవఱకు ఓర్చుకొనవచ్చును? ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఘానా, భారతదేశము, నార్వే, ఒమాను, అమెరికా అను ఐదు దేశములలో ఆరోగ్యవంతులై, తల్లిపాలు త్రాగి, చక్కని పోషణ గల 816 శిశువులను గమనించి 2006లో ఫలితములను ప్రకటించిరి. ఆసరా లేక కూర్చుండుట సుమారు 4వ నెల నుండి 9వ నెల వఱకు ఎప్పుడైన రావచ్చును. తనంత నడచుట 8 నెలల నుండి 17న్నర నెలల వఱకు రావచ్చును. ఘానా బిడ్డలు కొంచెము ముందు, నార్వే బిడ్డలు కొంచెము వెనుక. నూటికి నలుగురు బిడ్డలు చేతులు మోకాళ్లపై పారాడకయే నడచిరి. కావున 14 నెలల బిడ్డ గోడ పట్టుకొని తిరుగుచున్నచో వాని తల్లిని ఏమియు ననవలసిన పనిలేదు.

కాని ఆ యెల్ల దాటినప్పుడు వంశచరిత్ర చెప్పుకొనుచు కూర్చుండరాదు. 5 నెలలు వచ్చినను తల నిలుపకున్నను, 10 నెలలకు కూర్చుండకున్నను, 18 నెలలు నిండినను నడువకున్నను వైద్యునికి చూపవలెను. ఏడాది నిండకమునుపే ఒక్క చేతినే వాడి రెండవదానిని వాడకున్నను, చప్పుడునకు తిరుగకున్నను, ఏడాదిన్నరకు ఒక్క మాటయు రాకున్నను, వచ్చిన పని మఱల పోయినను ఆలస్యము చేయరాదు. నెలలు నిండక పుట్టిన శిశువునకు మాత్రము పుట్టిన దినమునుండి గాక పుట్టవలసిన దినమునుండి లెక్కింపవలెను. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకు 12వ నెల యనగా నిజమునకు 10వ నెలయే.

మన దేశపు బిడ్డలకు మన దేశపు కొలతయే కావలెనన్న వారు మనలోనే కలరు. బరోడా విశ్వవిద్యాలయమున ప్రమీలా ఫాటక్ అను విదుషి భారతీయ శిశువులను పరీక్షించి 1970లో కొలతలు నిర్ణయించెను. వానిలోనుండి 17 అంశములను ఏఱి తిరువనంతపురమందలి శిశువికాస కేంద్రమువారు 1991లో ఒక చిన్న పటమును చేసిరి. రెండేండ్ల లోపు బిడ్డలకు అది చాలును. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గీత యుండును. గీతకు ఎడమకొన త్వరగా చేయువారి వయస్సు, కుడికొన ఆలస్యముగ చేయువారి వయస్సు. బిడ్డ వయస్సువద్ద ఒక పెన్సిలును నిలువుగ నుంచవలెను. పెన్సిలునకు ఎడమవైపు పూర్తిగ ముగిసిపోయిన గీతలలోని పని ఏదైన బిడ్డకు రాకున్నచో వైద్యునియొద్దకు పోవలెను; పెన్సిలు గీత నడుమ పడినచో అరిసెలకు బియ్యము నానబోసికొని వేచియుండవచ్చును. ఇట్టి బొమ్మల వరుస మన అంగన్‌వాడీలలో తల్లులకిచ్చు మాతా శిశు రక్షణ కార్డులోను కలదు. టీకా వేయించుటకు వెళ్లిన దినముననే ఆ పుటను తెఱచి చూపుమని కార్యకర్త నడుగవచ్చును.